మోగని ఫోన్ ముందు

మున్సిపాలిటీ వార్డు ఆఫీసులో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. సూరత్‌లో ఉద్నా దాటాక వచ్చే ఆ ఆఫీసులో, మెట్ల పక్కనున్న చిన్న గది నాది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ, బల్ల మీద ఫోన్. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచెల మీద పనికి ఈ ఊరొచ్చాడు. పవర్‌లూమ్ మగ్గాన్ని మేం సాంచె అంటాం. మా ఆయనదీ అదే పని. మా వాడలో సర్కారు కొలువు దొరికినవాళ్లు తక్కువ. తెలుగు, హిందీ, గుజరాతీ, మరాఠీ నాలుగూ తడబడకుండా మాట్లాడగలను కాబట్టే నాకు దొరికిందని నా నమ్మకం.

మొదటి ఏళ్లలో ఆ ఫోన్ మంచినీళ్లు తాగనిచ్చేది కాదు. పొద్దున నీళ్లు రాలేదని ఒకరు, మోరీ పొంగిందని ఒకరు, స్తంభం మీద లైటు వెలగడం లేదని ఇంకొకరు. తిట్లతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లను తిట్టనిచ్చి, ఊపిరి తీసుకునే చోట "మీ సందు పేరు చెప్పండి" అనేదాన్ని. సందు పేరు చెప్పేసరికి సగం కోపం దిగిపోయేది. ఒకసారి ఒక ముసలాయన వచ్చీరాని హిందీలో అవస్థ పడుతుంటే, "తెలుగులో చెప్పు తాతా" అన్నాను. అంతే, "మనోళ్లేనా బిడ్డా! ఏ ఊరు మీది?" అని మొదలుపెట్టి ఊరు, ఇంటిపేరు, మా నాన్న పనిచేసిన కార్ఖానా అన్నీ అడిగాడు. చివరికి ఎందుకు ఫోన్ చేశాడో నేనే గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇంకోసారి మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుస్తుండగా ఒక మనిషి చేశాడు. వాళ్ల నాన్న పోయాడు. శవాన్ని తీసుకెళ్లే బండి కావాలి. ఏడుపులో చిరునామా చెప్పలేకపోతున్నాడు. దగ్గర్లో పాల దుకాణం ఉందా, బడి ఉందా, రైలు చప్పుడు వినిపిస్తుందా అని ఒక్కొక్కటే అడిగి ఇల్లు పట్టుకున్నాను. బండి వచ్చేదాకా ఫోన్ పెట్టెయ్యొద్దన్నాడు. పెట్టలేదు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. సందులోకి బండి వచ్చిన చప్పుడు నాకూ వినబడింది. అప్పుడు అతను పెట్టేశాడు. చల్లారిన అన్నం తింటూ, ఈ కుర్చీలో నేను లేకపోతే ఏమయ్యేదో అనుకున్నాను. ఒకరి ఇంట్లో చావు జరిగిన రోజున నాకు తృప్తిగా ఉందని ఎవరికి చెప్పుకోను? కానీ ఉంది.

డిండోలిలో మేముండే ఇంటి కింది వాటాలోనే మా తోటికోడలు కుటుంబం ఉంటుంది. మావైపు యారాలు అంటాం. ఆమె నాకంటే పెద్దది, నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. చీరలకు మెరిసే రాళ్లు అతికించే పని ఆమెది. సేఠ్ పంపిన చీరల మూటలు విప్పుకుని పొద్దంతా తల వంచుకుని కూచుంటుంది. సాయంత్రం నేను రాగానే, "చెప్పు, ఇయ్యాల ఎవలు చేసిండ్రు ఫోన్?" అని అడిగేది. నేను గొంతులు మార్చి చెప్తుంటే చేతిలో పని ఆపకుండానే నవ్వేది. ఆమెకు బయటి లోకమంటే చాలావరకు నా ఫోనే.

తర్వాత ఊరంతటికీ కలిపి ఒకే ఫిర్యాదు నంబర్ వచ్చింది. దాని వెంట మొబైల్ యాప్ వచ్చింది. మంచిదే. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఫోటో తీసి పంపితే చాలు. నన్ను ఎవరూ పిలిచి నీ పని అయిపోయిందని చెప్పలేదు. ఫోన్ మోగడం మెల్లగా తగ్గింది, అంతే. మొదట్లో నాకు సంతోషమే అయింది. టీ వేడిగా ఉండగానే తాగాను. కిటికీ తుడిచాను. కొన్నాళ్లకు రోజుకు ఒకటో రెండో వచ్చేవి, అవీ పొరపాటున కలిసినవి. ఆ తర్వాత అవీ లేవు.

పని లేకపోవడం ఇంత బరువని నాకు తెలియదు. వరండాలో చెప్పుల చప్పుడు వినబడితే చెయ్యి దానంతటదే రిసీవర్ మీదికి వెళ్లేది. ఎవరైనా తొంగిచూస్తే ఫోన్ పట్టుకుని ఉన్నట్టు కనబడాలని. కొన్నిసార్లు అసలు ఫోన్ పనిచేస్తుందో లేదోనని ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేదాన్ని. లోపల కూ అని చక్కగా మోగేది. చెడిపోయి ఉన్నా ఒక సాకు దొరికేదేమో. ప్యూన్ కాకా టీ తెస్తే, ఏం చేశానని తాగాలి అనిపించేది. ఆయన గుజరాతీలో, "కూర్చోమన్నారు, కూర్చున్నావు. తాగు బెన్" అని కప్పు పెట్టి వెళ్లేవాడు. బెన్ అంటే అక్క; ఆఫీసులో ఆడవాళ్లందరం బెన్‌లమే. పక్క సెక్షన్ గుమాస్తా మాత్రం బాహాటంగానే అనేవాడు, "పోయిన జన్మలో ఏ పుణ్యం చేశావో! ఈ సీటు కోసం జనం మొక్కుకుంటారు."

ఇంటికి వెళ్తే ఇంకా కష్టంగా ఉండేది. మా ఆయన పన్నెండు గంటలు సాంచెల చప్పుడులో నిలబడి వస్తాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి చెవులు కొంచెం మందగించాయి. ఇంట్లో కూడా అరిచినట్టు మాట్లాడతాడు. "నీ ఆఫీసుల మస్తు సల్లగుంటది. ఒక్కదినం నాకిస్తివా ఆ కుర్చి, కడుపు నిండ నిద్రపోత" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. అక్క సంగతి వేరు. నేను గుమ్మం ఎక్కుతుండగానే స్టవ్ మీద నీళ్లు పెట్టి అల్లం దంచి వేసేది. "పొద్దంత మొత్తుకోని మొత్తుకోని గొంతు పోతది నీకు. తాగు." ఆ రాళ్ల మెరుపు చూసి చూసి ఆమె కళ్లు ఎర్రగా ఉండేవి, నీళ్లు కారుతుండేవి. ఆ కళ్లతో నాకు గ్లాసు అందించేది. చాలా రోజులు, పొద్దుటి నుంచి నేను నోరు విప్పి మాట్లాడే మొదటి మాట ఆమెతోనే అయ్యేది. అల్లం నీళ్లు గొంతులో దిగుతుంటే సిగ్గుతో నాకు చెమట పట్టేది. చెప్పేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏమని చెప్పాలి? నువ్వు వంగి వంగి పనిచేస్తున్నావు, నాకు మాత్రం ఊరికే జీతమిస్తున్నారు అనా? ఇయ్యాల ఎవలు చేసిండ్రు అని ఆమె అడిగితే, "రోజూ ఉండేదే అక్కా" అని మాట మార్చేదాన్ని.

ఆ ఎండాకాలంలో ఆఫీసు హాల్లో ఒక శిక్షణ పెట్టారు. ఉద్యోగులు పనిలో సంతోషంగా ఉండటం గురించి. బయటి నుంచి ఒకాయన వచ్చాడు, మైకు పట్టుకుని హాలంతా తిరుగుతూ మాట్లాడాడు. చివర్లో ఒక్కొక్కరినీ అడిగాడు, మీ ఉద్యోగంలో మీకు సంతోషమిచ్చేది ఏది అని. నెల తిరగగానే జీతం అన్నారు కొందరు. సెలవులన్నారు. పిల్ల పెళ్లికి సర్కారు ఉద్యోగమని మంచి సంబంధం వచ్చిందని ఒకరన్నారు. సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్లడమే సంతోషమని గుమాస్తా అంటే చప్పట్లు కొట్టారు. అందరూ నిజమే చెప్పారు. ఆ సంతోషాల్లో చాలావరకు నాకూ ఉన్నాయి, మా వాడలో ఎందరికో లేనివి. మైకు నా దగ్గరికొచ్చింది. లేచి నిలబడ్డాను. ఏమీ ఆలోచించకుండానే, "ఫోన్ మోగడం" అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. నేను ఎగతాళికి అన్నాననుకున్నారు. శిక్షణ ఇచ్చే ఆయనకు నా సంగతి తెలియదు కదా, ఆయనా నవ్వి, "హాస్యం కూడా సంతోషానికి దారే" అని చప్పట్లు కొట్టించాడు. నేను కూర్చున్నాను. చెవులు మండిపోయాయి. ముందు వరసలో మా పెద్ద సాహెబ్ ఒక్కడు నవ్వలేదు. తలవంచుకుని చేతిలోని పెన్ను మూత తీసి పెడుతున్నాడు.

వానాకాలం వచ్చింది. మావైపు వానకంటే ఖాడీకే ఎక్కువ భయం. ఖాడీ అంటే ఊళ్లోంచి పారే పెద్ద కాలువ. అది నిండితే మోరీల్లో నీళ్లు వెనక్కి తంతాయి, సందుల్లో నల్లనీళ్లు లేస్తాయి. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. వాన కిటికీ మీద కొడుతోంది. ఉన్నట్టుండి ఫోన్ మోగింది.

మొదటి మోత పూర్తి కాకుండానే ఎత్తాను. "నమస్తే, వార్డ్ ఆఫీస్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది, పండగకు చుట్టాలొచ్చినట్టు.

"హలో, జర వినుండ్రి సార్," అంది అటువైపు మనిషి. వెంటనే, "చెల్లె? నువ్వేనా?"

అక్క. నా మొబైల్‌కు ఎందుకు చేయలేదని అడిగాను.

"సొంత ఫోన్‌కు చేస్తే సొంత పని చెప్పినట్టయితది. నీకు మాట వస్తది. సందు మూలన పాత బోర్డు మీద నంబర్ ఉంటే సూసి చేసిన. లైన్ దొరుకుతదో లేదో అనుకున్న, ఎంటనే ఎత్తినవ్!" అని, ఊపిరి పీల్చుకోకుండా చెప్పుకుపోయింది. "మోరీ పొంగింది. నీళ్లు గడప కాడికొచ్చినయ్. సేఠ్ చీరలన్ని కిందనే ఉన్నయ్. సందుల అందరు నన్నే అడుగుతుండ్రు, మీ చెల్లెకు చెప్పు అని. జల్ది మనుషులను తోలియ్యి."

"పంపిస్తా అక్కా. నువ్వు చీరలు మీదికి ఎక్కించు" అన్నాను.

నేను పంపించగలిగే రోజులు పోయాయన్న సంగతి ఫోన్ పెట్టాక గుర్తొచ్చింది. ఇదివరకు నేను చెప్తే మోరీల సెక్షన్ కుర్రాళ్లు బండెక్కేవాళ్లు. ఇప్పుడు అలా కాదు. పై అంతస్తుకు పరుగెత్తాను. అక్కడి ఇంజినీరు పాపం పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు. "బెన్, ఫిర్యాదు సిస్టంలో లేకపోతే బండి కదలదు. యాప్‌లో పెట్టండి" అన్నాడు. నా మొబైల్లోనే పెట్టాను. వరసలో మాకంటే ముందు ఎంతోమంది ఉన్నారు. ఇంజినీరు తప్పు లేదు, యాప్ తప్పూ లేదు. అక్కకు ఫోన్ చేసి, వస్తారు, కొంచెం ఆలస్యమవుతుంది అన్నాను. "నువ్వు చెప్పినవ్ గద, వస్తరు తియ్యి" అంది. ఆ నమ్మకం వినలేక ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను.

మనుషులు మర్నాడు వచ్చారు. అప్పటికి కింది వాటాలన్నిటిలో మోకాళ్ల కింది దాకా బురద. ముందురోజు సాయంత్రం నేను ఇల్లు చేరేసరికే అక్క, మా ఆయన కలిసి మూటలు మా వాటాలోకి చేరవేశారు గానీ కొన్ని అడుగున తడిసిపోయాయి. సందులో ఆడవాళ్లు బొక్కెనలతో నీళ్లు తోడుతూ నన్ను ఒకసారి చూసి మళ్లీ వంగారు. ఒకామె మాత్రం అక్కతో, నాకు వినబడేటట్టే, "ఫోన్ ఎత్తినంత మాత్రాన అయితదా పని" అంది. అక్క ఊరుకోలేదు. "దానికి ఎన్ని ఫోన్లు ఉంటయో నీకేమెరుక? ఊరంత మునిగింది" అని నా తరఫున గట్టిగా మాట్లాడింది. చీర కొంగు నడుముకు దోపి నేనూ నీళ్లు తోడాను. తల ఎత్తకుండా ఉండడానికి అదొక పని దొరికింది.

నీళ్లు తీసినా మోరీ మళ్లీ మళ్లీ పొంగుతుంటే, రెండు మూడు రోజులకు అక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుకే వచ్చింది. సాహెబ్ మీటింగ్‌లో ఉన్నాడు. కాకా వాళ్లను నా గదిలో కూర్చోబెట్టాడు. నేను ఆఫీసులో ఎలా ఉంటానో అక్క చూడడం అదే మొదటిసారి. నవ్వుతూ లోపలికొచ్చింది. "గిదేనా నీ ఫోన్!" అని వాళ్లకు చూపించింది. "మోగుతది సూడుండ్రి, గిప్పుడు మోగుతది. దీనికి తీరికే ఉండదు."

కూర్చున్నారు. సాహెబ్ మీటింగ్ సాగుతూనే ఉంది. వాన వెలిసి కిటికీ చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. ముగ్గురూ ఫోన్ వైపు చూస్తున్నారు. కాకా టీ తెచ్చాడు, తాగారు, గ్లాసులు తీసుకెళ్లాడు. ఫోన్ మోగలేదు. ఆ ఇద్దరిలో ఒకామె కునికిపాట్లు పడింది. అక్క చూపు ఫోన్ మీది నుంచి నున్నగా తుడిచిన బల్ల మీదికి, అక్కణ్నుంచి నా ఒళ్లో ఖాళీగా ఉన్న చేతుల మీదికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

సాహెబ్ వచ్చాక ఆ ఇద్దరినీ లోపలికి పంపి, అక్క వెనక ఉండిపోయింది.

"గిట్లనే ఉంటదా రోజు?"

"గిట్లనే అక్కా."

"ఎప్పటిసంది?"

"రెండేండ్లు అయింది."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను. ఆమె కాసేపు చీర అంచు మడత పెడుతూ కూర్చుని మెల్లగా అంది, "మరి నేను రోజు అల్లం నీళ్లు పోస్తుంటి గద నీకు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేయలేదు, ఓదార్చలేదు. "ఎందుకు చెప్పలే?" అంది.

"సిగ్గయింది. నువ్వు పొద్దంత కష్టపడుడు, నేను ఊకె కూసోని తినుడు."

"ఊకె కూసునుడు కూడ కష్టమే. మన ఆడిబిడ్డ పానం బాగలేక మంచాల పడ్డప్పుడు చూసిన, పని లేక ఎట్ల ఏడ్చిందో. పని అడుగరాదు మీ సాబును? అడిగితే కొడ్తడా?"

పని తగ్గించమని అడిగినవాళ్లను చూశాను గానీ పని ఇమ్మని అడిగినవాళ్లను మా ఆఫీసులో నేను చూడలేదు. గుమాస్తాకు చెబితే భయపెట్టాడు, "పని లేదని నోటితో చెప్పకు. పోస్టు ఎత్తేస్తారు. గమ్మున ఉండు." ఆ మాటతో ఇంకొన్నాళ్లు గడిపాను. కానీ సాయంత్రం ఇంటికి వెళ్తే అక్క ఇప్పుడు అల్లం దంచడం లేదు. టీ ఇస్తోంది, ఎప్పటిలాగే మాట్లాడుతోంది, ఫోన్ల సంగతి మాత్రం అడగడం లేదు. ఆ అడగకపోవడమే నన్ను సాహెబ్ గదిలోకి నెట్టింది.

చెప్పవలసింది గుజరాతీలో రెండు మూడుసార్లు మనసులో అనుకుని వెళ్లాను. తీరా లోపలికెళ్లాక ఒక్క ముక్కే వచ్చింది. "సాహెబ్, నాకు పని కావాలి."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నీ గది ముందు నుంచి వెళ్లాలంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది బెన్" అన్నాడు. "అందుకే వెనక మెట్లు ఎక్కుతున్నాను. నిన్ను ఎక్కడ పెట్టాలో తెలియక పైకి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాయలేదు. నాకే సిగ్గేసింది." వెనక మెట్ల దగ్గర ఎప్పుడూ గచ్చు పగిలి ఉంటుంది, నీళ్లు నిలుస్తాయి. ఇన్నాళ్లూ సాహెబ్‌కు ఆ దారి ఎందుకిష్టమో మాకెవరికీ అర్థం కాలేదు.

ఆర్డరు రాలేదు. ఆయనే నోటిమాటగా, కింద తలుపు పక్కన ఒక బల్ల వేయించాడు. యాప్ తెలియనివాళ్లు, భాష రానివాళ్లు వస్తే చూడమన్నాడు. మొదటి రోజు పొద్దున ఎవరూ రాలేదు. నా మీద ఏదో శాపం ఉందనుకున్నాను. మధ్యాహ్నం ఒకతను తడిసిన లుంగీతో వచ్చి, నేను నోరు తెరవకముందే తిట్టడం మొదలుపెట్టాడు. "కూర్చుని తినడానికే ఉన్నారు మీరంతా. మా పన్నుల మీద బతుకుతారు. పని చేయాలంటే చేతులు రావు." అలాంటి తిట్లు ఫోన్లో వేలసార్లు విన్నాను, ఎప్పుడూ తగల్లేదు. ఈసారి తగిలాయి. కిందటి వారం వచ్చి అని ఉంటే ప్రతి అక్షరం నిజమయ్యేది. ఒకటీ ఎదురు చెప్పకుండా విన్నాను. అతను ఊపిరి తీసుకున్నప్పుడు, "మీ సందు పేరు చెప్పండి" అన్నాను.

మెల్లగా జనం రావడం మొదలైంది. ఇప్పుడు వరస తలుపు దాటి బయటికి కూడా ఉంటుంది. రాత్రి షిఫ్టు దిగి ముఖం మీద దూదితోనే వచ్చేవాళ్లు, పిల్లను చంకనెత్తుకుని వచ్చేవాళ్లు. తన సందు పేరు తెలియని ఒక అవ్వ, "పచ్చ తలుపుల దర్జీ ఇంటెన్క" అంటే, నలుగురిని అడిగి ఆ సందు పట్టుకున్నాం. అన్నిటికీ పని జరుగుతుందని చెప్పను. చాలావాటికి జరగదు. జరగకపోతే వాళ్లు మళ్లీ వచ్చి నా ముఖం మీదే అడుగుతారు, నేను జవాబు చెప్పుకోవాలి. అయినా సాయంత్రం షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే ఒళ్లు అలిసిపోయి హాయిగా ఉంటుంది. ఇంట్లో అక్క మళ్లీ అడుగుతోంది, ఇయ్యాల ఎవలొచ్చిండ్రు అని. మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన సరిగ్గా విన్నాడో లేదో గానీ, "అయితే ఇప్పుడు ఆ కుర్చి ఖాళీనా?" అన్నాడు.

పోయిన వారం ఒకామె నల్లా సంగతి చెప్పడానికి వచ్చింది. పని అయ్యాక వెళ్లకుండా నిలబడి, "పర్మినెంటేనా బిడ్డా నువ్వు?" అని అడిగింది.

"అవునమ్మా."

"అదృష్టవంతురాలివి" అంది. ఆమె వేళ్ల కొసలకు జిగురు ఎండి తెల్లగా ఉంది. మా అక్క వేళ్లలాగే.

నాకు మళ్లీ తల వంగిపోయింది. పని ఉన్నా ఆ సిగ్గు పోలేదు, ఇక పోదనుకుంటాను. తల ఎత్తేసరికి ఆమె వెళ్లిపోయింది. వెనకనున్నాయన ముందుకు జరిగి తన మొబైల్ నా చేతిలో పెట్టాడు. వాళ్ల సందులో లైటు వెలగక మూడు రోజులైందట.